పారిస్ ప్లంబింగ్‌లో అంకెల భాష

గల్ఫ్‌లో పని చేసి పారిస్ వచ్చిన మన ప్లంబర్లకి పనితనంలో లోటుండదు. వాళ్ల టెన్షనంతా దుకాణంలో సామాను అడగడం దగ్గరే. గల్ఫ్‌లో హాఫ్ ఇంచ్, త్రీ ఫోర్త్ అంటే సరిపోయేది. మనలో మనం అరంగుళం, ముప్పావు అనుకుంటాం. ఇక్కడ అరంగుళం మర (థ్రెడ్) ఉన్న ఫిట్టింగ్‌ని 'కేంజ్-వేంతేఅఁ' అంటారు, కాగితం మీద 15/21. చూడ్డానికి భిన్నమే, కాని భిన్నం కాదు. 15 లోపలి వ్యాసం, 21 మర బయటి వ్యాసం, రెండూ సుమారుగా మిల్లీమీటర్లలో. ముప్పావుకి 20/27, అంగుళానికి 26/34. మర మాత్రం మనకు తెలిసిన అంగుళాల మరే. కొత్తగా వచ్చినవాళ్లు అన్నిటికంటే ముందు ఈ జంటల్ని కంఠతా పట్టాలని నా గట్టి అభిప్రాయం.

అసలు భిన్నాల సంగతి వేరు. ఇంగ్లీషులో థర్డ్ అంటే మూడోదీ అవుతుంది, మూడో వంతూ అవుతుంది. ఫ్రెంచిలో మూడోది 'త్రువాజియెమ్', మూడో వంతు 'త్యెర్'. నాలుగోది 'కత్రియెమ్', పావు 'కార్'. అయిదు నుంచి మాత్రం ఇంగ్లీషు లాగే రెంటికీ ఒకే మాట. సైట్‌లో మేస్త్రీ 'త్రువాజియెమ్' అని కేకేస్తే మూడో అంతస్తుకి ఎక్కాలి. నేల అంతస్తుని లెక్కలోకి తీసుకోరు.

తేదీల్లో, రాజుల పేర్లలో 'మొదటి, రెండో' అని వరసతో పిలిపించుకునే గౌరవం ఒకటికే. జూన్ 1ని మొదటిది అంటారు, 2 నుంచి ఉత్త అంకెలే. ఇంగ్లీషులోనైతే సెకండ్, థర్డ్ అంటూ చివరిదాకా సాగుతుంది. మేం పనికి వెళ్లే పేటలో ఒక వీధి పేరు ఫ్రాన్స్వా ప్రెమియె, అంటే మొదటి ఫ్రాన్స్వా. దగ్గర్లోని అవెన్యూ జోర్జ్ సేంక్, అంటే ఉత్త అయిదు. ఇంగ్లీషులో ఆ రాజు జార్జ్ ది ఫిఫ్త్. ఆ రెండు వీధులూ ఉన్న పేటని మళ్లీ ఎనిమిదవది అనే అంటారు. పారిస్ పేటలు ఇరవైకీ అదే వరస.

సొంతంగా పని పట్టేవాళ్లు కామా దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. మనకి దశాంశ బిందువు ఎక్కడో వీళ్లకి కామా అక్కడ. కొటేషన్‌లో 1,250 అని ఉంటే అది ఒకటింబావు. పన్నెండు వందల యాభై రాయాలంటే ఒకటి పక్కన ఖాళీ వదిలి 1 250 అని రాస్తారు. 1,5 మీటరుకి బహువచనం కూడా పెట్టరు, రెండు నుంచే పెడతారు. ఇంగ్లీషులో ఒకటిన్నరకే మీటర్స్ అనేస్తారు. కొటేషన్ ఇచ్చే ముందు ఫ్రెంచి బాగా వచ్చినవాళ్ల చేత ఒకసారి చదివించుకోండి.