మా స్నూకర్ టేబుల్‌కు షాట్ క్లాక్ ఎలా వచ్చిందంటే

హన్మకొండ సుబేదారిలో మేం ఆడుకునే పార్లర్‌లో పెద్ద స్నూకర్ టేబుల్ ఒక్కటే ఉంది. మిగతావన్నీ పూల్ టేబుళ్లు. సాయంత్రం ఆరు దాటిందంటే ఆ ఒక్క టేబుల్ కోసం బోర్డు మీద పేర్లు రాసి కూర్చోవాల్సిందే. నాది కాజీపేటలో రైల్వే ఉద్యోగం. నైట్ డ్యూటీ పడ్డ వారం తొమ్మిదిన్నరకల్లా బండి తీయాలి. అలాంటి రోజు బోర్డు మీద నా పేరుకు పైన మేనేజర్ సారు పేరు కనబడితే ఇక ఆట మీద ఆశ వదులుకోవడమే.

సారు బ్యాంకులో మేనేజర్‌గా చేసి రిటైరయ్యారు. మనిషి బంగారం. తాను చాయ్ తాగితే పక్కన ఉన్నవాళ్లందరికీ చెప్పే రకం. ఆట కూడా తక్కువదేం కాదు, సేఫ్టీ (అవతలివాడికి తేలికైన షాట్ దొరక్కుండా ఆడడం) ఆడితే తెల్ల బంతిని బాక్ కుషన్‌కు, అంటే టేబుల్ మొదటి వైపు అంచుకు, అంటించి పెడతారు. కాకపోతే ఒక్కో షాట్‌కు ఆయన తీసుకునే టైమ్ ఉంది చూడండి, అదే బాధ.

ఒకరోజు మిడిల్ పాకెట్ మూతి దగ్గర ఎర్ర బంతి ఆగింది. దాన్ని వేయడం చిన్నపిల్లలకు కూడా వచ్చు. సారు లేచారు. టేబుల్ చుట్టూ తిరిగి నల్ల బంతి వైపు నుంచి ఒకసారి, నీలం బంతి వెనక నుంచి ఒకసారి చూశారు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. క్యూకి, అంటే ఆడే కర్రకు, చాక్ రాశారు, రాసినదాన్ని ఊదారు. వంగారు. క్యూని ముందుకీ వెనక్కీ ఆడించి, ఏమనుకున్నారో ఏమో, మళ్లీ లేచారు. మళ్లీ చాక్. పక్కన కూర్చున్న కాకతీయ యూనివర్సిటీ కుర్రాడొకడు ఉండబట్టలేక "ఏంది సార్, గా బాల్‌కు గింత సేపా?" అన్నాడు. సారు నవ్వి, "తొందర ఎందుకు బేటా, టేబుల్ ఎటు పోతది?" అన్నారు. తర్వాత బంతి వేశారు. నిజమే, టేబుల్ ఎటూ పోదు, టైమే పోతుంది.

దీన్ని ఎవరికి చెప్పుకోవాలి? టేబుళ్లూ స్కోరూ చూసుకునే మార్కర్‌కు చెబితే అతను జీతగాడు, కస్టమర్‌ను ఏమంటాడు? ఓనర్‌కు గంట లెక్కన డబ్బులొస్తాయి, ఆట సాగేకొద్దీ ఆయనకు లాభమే తప్ప నష్టం లేదు. పైగా మా దగ్గర ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టాలనే పద్ధతి. అసలు చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. నలభై పాయింట్ల లీడ్‌లో ఉన్నవాడికి మీటర్ ఎంత తిరిగితే ఏంటి? కట్టేది అవతలివాడు కదా.

రూల్స్ చూద్దామని ఫోన్‌లో వెతికాను. స్నూకర్‌లో మామూలుగా షాట్‌కు ఇన్ని సెకన్లనే లెక్కేమీ లేదు. మరీ సాగదీస్తున్నాడని రెఫరీకి అనిపిస్తే హెచ్చరిస్తాడు, మళ్లీ అలాగే చేస్తే ఫ్రేమ్ (ఒక ఆట) అవతలివాళ్లకు ఇచ్చేస్తాడు. పూల్‌లో షాట్ క్లాక్ (షాట్‌కు గడువు లెక్కపెట్టే గడియారం) పెట్టే పోటీలకు షాట్‌కు 35 సెకన్లు, పది సెకన్లు మిగిలాయనగా హెచ్చరిక, ర్యాక్‌కు, అంటే ఒక ఆటకు, ఒకసారి 25 సెకన్ల ఎక్స్‌టెన్షన్ (అదనపు టైమ్). ఇంగ్లండ్ వాళ్ల స్నూకర్ షూటౌట్‌లో అయితే ఫ్రేమ్ మొత్తం పది నిమిషాలే: మొదటి ఐదు నిమిషాలు షాట్‌కు 15 సెకన్లు, తర్వాత 10. కుర్రాళ్లు ఇది వినగానే ఎగిరి గంతేసి "మనం కూడా ఇదే పెడదాం అన్నా" అన్నారు. నేను వద్దన్నాను. సేఫ్టీ అన్నది లేకపోతే స్నూకర్ ఎందుకు, క్యారమ్స్ ఆడుకోవచ్చు.

సారుతో మాట్లాడే బాధ్యత నా మీదే పడింది. ఒక సాయంత్రం బయట చాయ్ బండి దగ్గర మెల్లగా ఈ మాట ఎత్తాను. ఆయన కోపగించుకోలేదు గానీ వెంటనే 2005 వరల్డ్ ఛాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్ సంగతి తీశారు. ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ ఆటగాడు పీటర్ ఎబ్డన్ 12 పాయింట్ల బ్రేక్ (ఒక వంతులో వరసగా చేసే పాయింట్లు) కొట్టడానికి ఐదు నిమిషాలకు పైగా తీసుకున్నాడు. అవతల ఉన్నది వేగానికి పేరున్న రోనీ ఓసలివన్. 1997లో అదే టోర్నీలో ఓసలివన్ 147 మొత్తం (మామూలుగా ఒక బ్రేక్‌లో వచ్చే అత్యధిక స్కోరు) కొట్టింది 5 నిమిషాల 8 సెకన్లలో. 36 షాట్లు, అంటే ఒక్కోటి సగటున తొమ్మిది సెకన్ల లోపే. "మరి 2005లో గెలిచిందెవరు?" అన్నారు సారు. ఎబ్డనే, 13–11. నా దగ్గర జవాబు లేదు. నిదానం పనిచేస్తుంది, అందుకే జనం ఆ దారి పడతారు. ఎదుటివాడు కుర్చీలో కూర్చుని కూర్చుని చల్లబడిపోతాడు, చెయ్యి బిగుసుకుంటుంది. లేచాక ఆ చిరాకులో గబగబా కొట్టేస్తాడు. మా కుర్రాళ్లలో సగం మంది సారు చేతిలో ఓడిపోయేది ఇలాగే.

మాటలతో తేలేలా లేదని లెక్క తీయాలనుకున్నాను. డ్యూటీ లేని ఒక ఆదివారం ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మూలన కూర్చున్నాను. బంతులు ఆగిన క్షణం నుంచి క్యూ తగిలే దాకా లెక్క. సారుది చాలా షాట్లకు ముప్పావు నిమిషం వచ్చింది, తేలికవైనా కష్టమైనవైనా ఒకటే. ఇది ఊహించిందే. ఊహించనిది ఏంటంటే, "గింత సేపా" అని అరిచిన కుర్రాడి లెక్క కూడా దాదాపు అంతే తేలడం. వాడు వంగితే ఐదు సెకన్లలో కొట్టేస్తాడు. కానీ సారు షాట్ అయ్యాక వాడు ఫోన్‌లో రీల్ ముగించి, దాన్ని జేబులో పెట్టి, టేబుల్ దాకా వచ్చేసరికి అరనిమిషం. ఎవరి టర్న్ అని అడిగేది ఇంకొంత సేపు. అందరి కళ్లూ సారు మీదే ఉండేవి కాబట్టి ఇది ఎవరికీ కనబడలేదు.

ఈ లెక్క చూపించాక సారు ముఖం వెలిగిపోయింది. కుర్రాడు మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మొత్తానికి అందరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. బంతులు ఆగగానే క్లాక్ మొదలు, ఆటగాడు కుర్చీలో ఉన్నా, బాత్రూమ్‌లో ఉన్నా సరే. షాట్‌కు 45 సెకన్లు, ఫ్రేమ్‌కు రెండు ఎక్స్‌టెన్షన్లు. చెయ్యి అందని బంతికి క్యూని ఆనించే రెస్ట్ గానీ స్పైడర్ గానీ తెచ్చుకోవాల్సి వస్తే ఆ కాస్త సేపు క్లాక్ ఆపాలి. టైమ్ దాటితే మొదటిసారి హెచ్చరిక, తర్వాత ఫౌల్, అవతలివాడికి నాలుగు పాయింట్లు. ఇది మా సొంత రూల్, పుస్తకంలో ఉండదు. ఆరు తర్వాత స్నూకర్ టేబుల్‌కు మాత్రమే.

ఇంకో మార్పు కూడా తెచ్చాం, నా ఉద్దేశంలో క్లాక్ కన్నా ఇదే ఎక్కువ పనిచేసింది. ఓడినవాడు మొత్తం కట్టడం తీసేసి టేబుల్ డబ్బులు చెరి సగం చేశాం. గంటకు 200 అంటే చెరో వంద. సారు బ్యాంకు మనిషి కదా, ఆ తర్వాత చాక్ రాసే టైమే సగానికి తగ్గింది. ఓనర్ మొదట ముఖం ముడుచుకున్నాడు. సాయంత్రం ఎక్కువ మందికి వంతు వచ్చి చాయ్, కూల్‌డ్రింకుల అమ్మకం పెరిగేసరికి ఊరుకున్నాడు.

మొదటి వారం గోలగోలే. ఫోన్ ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గరే గొడవ. ఆడేవాళ్ల చేతిలో ఉంటే టైమ్ అయ్యిందని ఒకడు, కాలేదని ఇంకొకడు. చివరికి తర్వాతి వంతు కోసం కాచుకున్నవాడి చేతికి ఇచ్చాం. వాడికి ఆట త్వరగా అవ్వాలని ఉంటుంది కాబట్టి కళ్లార్పకుండా చూస్తాడు. "పది" అని గట్టిగా అరవడం వాడి పని. ఆ అరుపుకు మొదట్లో సారు చెయ్యి వణికింది, రెండు పింక్‌లు మిస్సయ్యాయి. టెన్షన్ పెడుతున్నారని అలిగారు కూడా. అప్పుడు అరుపు మానేసి టేబుల్ అంచు మీద వేలితో రెండుసార్లు తట్టమన్నాం.

క్లాక్ లేని చోట ఆడాల్సి వస్తే ఏం చేయాలో మార్కర్ నేర్పాడు. ముప్పై ఏళ్లుగా టేబుళ్ల మధ్య బతికినవాడు. నిదానంగా ఆడేవాడు ఆడుతుంటే అతన్ని చూడొద్దట. బంతులు కదిలాక తలెత్తితే చాలు. మధ్యలో వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉండాలి, నీళ్లు తాగాలి. మన వంతు రాగానే ఎప్పుడూ తీసుకునేంత టైమే తీసుకోవాలి, అతను వృథా చేసింది మనం మిగల్చాలని చూడొద్దు. ఆ చివరి ముక్క నాకు బాగా పనికొచ్చింది.

ఇప్పుడు కొత్త పేచీ ఒకటి నడుస్తోంది. సారు ఈమధ్య బిలియర్డ్స్ మొదలుపెట్టారు. అదే టేబుల్ మీద మూడు బంతులతో ఆడే ఆట అది. అందులో ముందుగా ఇన్ని పాయింట్లు చేసినవాడు గెలిచే పాయింట్ల ఫార్మాట్ వేరు, టైమ్ ఫార్మాట్ వేరు. మన దేశపు ఆటగాడు పంకజ్ అద్వానీ 2005లో మాల్టాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రెండూ గెలిచాడు. టైమ్ ఫార్మాట్‌లో ఆట ఎప్పుడు ముగియాలో గడియారమే చెబుతుంది, మళ్లీ షాట్‌కు ఇంకో క్లాక్ ఎందుకన్నది సారు వాదన. లీడ్‌లో ఉన్నవాడు సాగదీస్తే అందులోనే ఇంకా ఘోరం అన్నది మా వాదన. వచ్చే ఆదివారం కూర్చుంటున్నాం, స్టాప్‌వాచ్ ఈసారి ఆయనే తెస్తానన్నారు.