ఐదు నిమిషాలు

రాత్రి పదకొండున్నర. పిల్లలు పడుకున్నారు, రేపటి పెరుగు తోడుపెట్టడం కూడా అయింది. పొద్దున చూసింది మాత్రం కళ్ల ముందు నుంచి పోవట్లేదు. రాసేస్తే గాని నిద్ర పట్టేలా లేదు.

సెయింట్ క్లెయిర్ సరస్సు, అమెరికాలోని మిషిగన్ వైపు ఒడ్డు. గాలం వేయడానికి బావా నేనూ తెల్లారేసరికి నీళ్ల మీదున్నాం. మే సగానికి వచ్చింది కదా, ఒడ్డుకి దగ్గరగా ఐదడుగుల లోతులో నీళ్లు 60 డిగ్రీలు (ఫారెన్‌హీట్) చూపించాయి. గాలి లేదు, అడుగు దాకా కనిపిస్తోంది. నీటి మీది మెరుపుని తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే చేపల గూళ్లు ఒక్కొక్కటే తేలాయి. చుట్టూ నాచు, మధ్యలో అలుకుడు చల్లి ముగ్గుకి సిద్ధం చేసిన వాకిలిలా రెండు మూడడుగుల గుండ్రటి జాగా. దాని మీద కదలకుండా ఒక మగ స్మాల్‌మౌత్ బాస్ చేప. ఆ జాగా మగదే చేస్తుంది, గులకరాళ్లు బయటపడేదాకా తోకతో ఊడ్చి ఊడ్చి. ఆడది వచ్చి గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. నీటి వేడిని బట్టి వారం అటూ ఇటూగా గుడ్లు పగులుతాయి. నల్లటి పిల్లలు గూడు మీద పొగలా లేచేదాకా, లేచాక కూడా కొన్నాళ్లు, కాపలా మగదానిదే.

పక్క బోటువాళ్లు అలాంటిదాన్ని ఒకదాన్ని గూటి మీది నుంచే పట్టారు. చట్ట ప్రకారం పట్టడం తప్పు కాదు. మిషిగన్‌లో బాస్‌ని పట్టి వెంటనే వదిలేయడానికి ఏడాది పొడుగునా అనుమతి ఉంది. ఇంటికి తెచ్చుకోవాలంటే ఈ సరస్సులో జూన్ మూడో శనివారం దాకా ఆగాలి, పైగా చేప 14 అంగుళాలుండాలి. కానీ రూలులో ఉన్న మాట ‘వెంటనే’. వీళ్లు దాన్ని బోటులోని నీళ్ల తొట్లో వేశారు. ఎండ మొహం మీద పడేలా బోటు తిప్పుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు పట్టుకుని ఫోటోలు. ఐదు నిమిషాల పైనే. ఈలోపు బోటు గూటికి దూరంగా కొట్టుకుపోయింది. చేపని అక్కడే వదిలారు.

నేను గూడునే చూస్తున్నాను. ముందు ఒక్క గోబీ వచ్చింది. వేలెడంత చేప, బూడిద రంగు మీద మచ్చలు, వీపు మీది ముందు రెక్కకి నల్లచుక్క. గులకరాళ్ల అంచున ఆగింది. ఎవరూ తరమలేదు. ఇంకోటి వచ్చింది. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. తలలు కిందికి, తోకలు పైకి, వడ్లు ఆరబోసిన చోట కోళ్లు పడ్డట్టే. 1990లో ఇక్కడే, సెయింట్ క్లెయిర్ నదిలో మొదటిసారి కనిపించిన చేపలివి. నల్లసముద్రం వైపు నుంచి వచ్చిన ఓడలు బరువు కోసం అడుగున నింపుకున్న నీళ్లతో దిగాయంటారు. పెద్దయిన స్మాల్‌మౌత్‌కి ఇవే తిండి. కాపలా తప్పితే దాని గుడ్లు వీటికి తిండి.

మా ఊరి చెరువు గుర్తొచ్చింది. వానలు మొదలయ్యాక గట్టు పక్కన తుంగ మధ్యలో నీళ్లు అక్కడొక్కచోటే చినుకులు పడ్డట్టు చిటపటలాడేవి. దగ్గరికెళ్తే ఎర్రటి కొర్రమట్ట పిల్లలు, గుంపు మొత్తం గాలి పీల్చుకోవడానికి ఒక్కసారే పైకొచ్చి మళ్లీ కిందికి పోయేది. కింద తల్లో తండ్రో ఉంటుందని తాతకి తెలుసు. గాలానికి కప్పని గుచ్చి ఆ ఎర్ర గుంపు నడుమ వేసేవాడు. ఆకలితో పని లేదు, పిల్లల మీదికి వచ్చినదాన్ని అది కొట్టి తీరాలి. ఒకసారి పెద్దది పడింది, రెండు కిలోలకి తగ్గదు. తడి గోనెసంచిలో చుట్టి నా చేతికిచ్చాడు. సంచి లోపల అది కొట్టుకుంటుంటే మోచేతుల దాకా అదిరేది. ఎర్ర గుంపు మాత్రం అక్కడక్కడే తిరిగింది. మొదట లకుముకి పిట్ట వచ్చింది. తర్వాత కొంగలు. చీకటి పడేదాకా తాత గట్టు మీదే కూర్చున్నాడు, బీడీ కూడా ముట్టించలేదు. మరుసటి ఏడు ఎర్ర పిల్లలు కనిపించిన రోజున గాలం కర్ర భుజాన వేసుకుని తూము వైపుకి నడిచాడు. ఎందుకని నేను అడగలేదు.

ఇక్కడిదాకా కోపంతోనే రాశాను. జూన్ దాకా ఎవరూ ఆ సరస్సులో గాలమే వేయొద్దు అని రాయబోయి లేచి, మంచినీళ్లు తాగొచ్చాను. ఆ మాట సరికాదు. ఇంత పెద్ద సరస్సులో వసంతం అన్ని చోట్లకీ ఒక్కరోజే రాదు. సుమారు 430 చదరపు మైళ్లు, సగటు లోతు 11 అడుగులే. ఓడల కోసం తవ్విన 27 అడుగుల కాలువ తప్పిస్తే అంతా పళ్లెమే. ముందు ఇళ్ల వెనక కాలువలూ, పడవలు కట్టే మెరీనాలూ వేడెక్కుతాయి. తర్వాత సరస్సు ఉత్తరాన ఉన్న యాంకర్ బే ఇసుక మేటలు. నడి సరస్సు చివరికి. ఈ రోజు ఒడ్డున 60 ఉంటే రెండున్నర మైళ్లు లోపలికి, 13 అడుగుల లోతులో, 53. అక్కడి చేపలు ఇంకా గూళ్ల జోలికి పోలేదు, తింటున్నాయి. 48 నుంచి 56 దాకా ఉన్న నీళ్లని వెతుక్కుంటూ పోతే ఎవరి గూడూ చెడగొట్టకుండా జూన్ దాకా చేపలు దొరుకుతాయి. గూళ్ల మీదికి వెళ్లక్కర్లేదు.

నీటి వేడి పొద్దున్నే చూడాలి. గాలి లేని మధ్యాహ్నం పైపొర మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. గాలి దిక్కు కూడా చూడాలి. మిషిగన్ ఒడ్డుకి తూర్పు గాలి చెడ్డది, అలలు ఒడ్డుకి కొట్టి నీళ్లు పాలు పోసిన టీలా అవుతాయి. అప్పుడు చేప పోదు, దానికి కనిపించదు, అంతే. బురద ఆగి లేతాకుపచ్చ నీళ్లు మొదలయ్యే గీత వెతికి దాని వెంబడి వేయాలి.

అడుగు పళ్లెంలా ఉంటుంది గనక మ్యాపులో లోతు గీతలు పెద్దగా ఉపయోగపడవు. కొత్తగా మొలిచిన నాచు గుబుర్లు, వాటి మధ్య ఇసుక, అక్కడక్కడా రాళ్లు, ఇవే ఆనవాళ్లు. బోటుని మెల్లగా నడిపే చిన్న ట్రోలింగ్ మోటారు ఆపి బోటుని గాలికి వదిలేయాలి. వేగం గంటకి ముప్పావు మైలుకి మించకూడదు, మించితే డ్రిఫ్ట్ సాక్, అంటే బోటు జోరు తగ్గించే గుడ్డ సంచి, నీళ్లలోకి దించాలి. ఎందుకంటే గోబీకి గాలితిత్తి ఉండదు, నీళ్లలో తేలలేదు, అడుగునే పాకుతుంది. మనం వేసే ట్యూబ్, అంటే మెత్తటి ప్లాస్టిక్ ఎర, దానిలాగే నేలకి రాసుకుంటూ రావాలి. బోటు ఉరికితే ట్యూబ్ లేచిపోతుంది, గంటలు గడిచినా తగలదు. మూడున్నర అంగుళాల గ్రీన్ పంప్‌కిన్ రంగు ట్యూబ్, కొక్కేనికి 8 అడుగుల లోతుకి పావు ఔన్సు బరువు తల, 13 అడుగుల్లో గాలి ఉంటే 3/8 ఔన్సు. కొట్టినట్టు తెలియదు, తడిబట్ట తగులుకున్నట్టు బరువు వస్తుంది. అప్పుడు గుంజొద్దు. రీలు తిప్పి దారం బిగించి, రాడ్డుని పక్కకి సాగదీయాలి. ఒకటి తగిలిందా, అక్కడ గుర్తు పెట్టి, గాలికి ఎదురుగా వెనక్కి వెళ్లి మళ్లీ అదే దారిన జారాలి. చల్లటి నీళ్లలో ఇవి గుంపుగా ఉంటాయి.

జెర్క్‌బెయిట్‌తో, అంటే గుంజి ఆపుతూ లాగే చేప బొమ్మ ఎరతో, బావ ఒక గంట వృథా చేశాడు. రెండుసార్లు గుంజి ఆపితే అది నీళ్లలో అలాగే నిలబడాలి, ఈ వేడికి నాలుగైదు సెకన్లు. ఇది మెల్లగా పైకి తేలుతోంది. చల్లటి నీళ్లు చిక్కన, అందుకే తేలుతుంది. కడుపు కింద చిన్న సీసపు స్టిక్కర్ అతికించాక కుదిరింది, వెంటనే ఒకటి కొట్టింది. పంతొమ్మిది అంగుళాల ఆడది, కడుపు నిండా గుడ్లు. “ఒరేయ్, ఫోటో వద్దులేరా” అన్నాడు బావ, నేను ఫోన్ తీయకముందే. నీళ్లలోనే కొక్కెం ఊడదీశాడు.

ఇప్పుడు బల్ల మీద నా లీడర్ దారం, అంటే ఎర దగ్గర కట్టే చివరి దారం, ఉంది, ఎనిమిది పౌండ్ల బలమున్న ఫ్లోరోకార్బన్. వేలిగోటి మీద లాగితే చివరి రెండడుగులూ గరగర. జీబ్రా ఆల్చిప్పలు. 1988లో ఈ సరస్సులోనే బయటపడ్డాయి, నీళ్లు ఇంత తేటగా ఉండడానికీ కారణం అవే, దారం కోసేదీ అవే. ఆ రెండడుగులూ కత్తిరించి కొత్త ముడి వేశాను. ముడి బిగించే ముందు ఉమ్ముతో తడపాలి, లేకపోతే వేడికి దారం బలం పోతుంది.

రేపు నైరుతి గాలి, గంటకి ఎనిమిది మైళ్లు. బావకి మెసేజ్ పెట్టాను: ఒడ్డు దగ్గర ఆగట్లేదు, నేరుగా 13 అడుగుల్లోకి. సరస్సులోని కెనడా సరిహద్దు గీత దాటం, ఆ వైపు వేరే లైసెన్సు కావాలి, సీజన్ తెరిచేదాకా పట్టి వదలడానికి కూడా అక్కడ వీల్లేదు. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, సీటు కింద కాదు. ఇంకా చూడలేదు, పడుకున్నట్టున్నాడు.