వ్యాక్యూం సంగతి చూశావా

ట్రైలరు మీద నుంచి ఆ బండిని షెడ్డులోకి దించగానే నా నోట "జిప్సీ" అన్న మాట వచ్చేసింది. పక్కనున్న కుర్రాడికి అర్థం కాలేదు. ఇక్కడ ఆస్ట్రేలియాలో దాని పేరు సుజుకి సియెర్రా. మన మారుతి జిప్సీకి పొట్టి తమ్ముడు అనుకోండి. అవే చదునైన రేకులు, అవే కమాను పట్టీలు, గేర్ బాక్సుకు దూరంగా విడిగా వేలాడుతూ నాలుగు చక్రాలకూ బలం పంచే అదే ఫోర్ వీల్ పెట్టె. పెర్త్ వచ్చిన ఎనిమిది నెలల్లో నన్ను చూసి గుర్తుపట్టినట్టు అనిపించిన మొదటి వస్తువు అదే.

బండి యజమాని ఒక ప్లంబరు, రిటైరు కాబోతున్నాడు. కానింగ్ స్టాక్ రూట్ మీదుగా వెళ్లాలని ఆయన కోరిక. విలునా నుంచి హాల్స్ క్రీక్ దాకా సుమారు 1850 కిలోమీటర్ల పాత పశువుల దారి, మధ్యలో తొమ్మిది వందలకు పైగా ఇసుక దిబ్బలు. సియెర్రా ట్యాంకులో పట్టేది 40 లీటర్లు. ఇసుకలో రెండో గేరులో మూలుగుతూ పోయే పెట్రోలు ఇంజిను ఆ 40 లీటర్లను ఎంత త్వరగా తాగేస్తుందో ఆయనకు తెలుసు. మిగతాది క్యాన్లలో మోసుకెళ్లాలి. ఆ ఎండలో వెనక సీటు దగ్గర పెట్రోలు క్యాన్లు పెట్టుకుని నిద్రపోవడం ఆయనకు ఇష్టం లేదు. డీజిలు తక్కువ ఖర్చవుతుంది, అంత తేలికగా అంటుకోదు. అందుకని 1.3 లీటర్ల పెట్రోలు ఇంజిను తీసి ఫోక్స్‌వ్యాగన్ 1.9 టర్బో డీజిలు పెట్టించుకోవాలనుకున్నాడు. మొదటిది సుమారు 100 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇస్తుంది, అదీ బాగా తిప్పితే. రెండోది నిమిషానికి 1900 చుట్ల దగ్గరే 200 దాటుతుంది.

ఇలాంటి పనులు విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రి దగ్గర నేను చేసినవే. కంపెనీ జిప్సీని ఎప్పుడూ డీజిలులో అమ్మలేదు, అడిగేవాళ్లు మాత్రం ఉండేవాళ్లు. గ్యాస్కెట్ అట్టను ఇంజిను ముఖానికి ఆనించి, అంచుల వెంట సుత్తితో మెల్లగా తట్టి అచ్చు తీసేవాళ్లం. ఆ అచ్చు లేత్ మిషను వాడి దగ్గరికి వెళ్లేది. సాయంత్రానికి ఇంజినుకూ గేర్ బాక్సుకూ మధ్య బిగించే పలక వచ్చేది. మూడు రోజుల్లో బండి రోడ్డు మీద ఉండేది. కాగితం అడిగినవాడు లేడు.

ఇక్కడ ముందు కాగితం. పని మొదలుపెట్టకముందే రవాణా శాఖకు దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకోవాలి. బండి బరువును బట్టి ఎంత పెద్ద ఇంజిను పెట్టవచ్చో లెక్క ఉంది. కొత్త ఇంజిను పొగ, పాతదానికి వర్తించిన నిబంధనలకు లోబడి ఉండాలి. పని అయ్యాక అర్హత ఉన్న ఇంజినీరు పరీక్షించి రిపోర్టు రాయాలి. అనుమతికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ బండి షెడ్డు మూలన ఉంటే రోజూ దాని బానెట్టు మీద నా టీ కప్పు పెట్టుకునేవాణ్ని. మొదట్లో నాకు నవ్వొచ్చింది. తరువాత కోపం వచ్చింది. నా చేతి మీద నమ్మకం లేనట్టు అనిపించింది.

పలక మాత్రం డబ్బాలో వచ్చింది. అన్ని బోల్టులూ లెక్కపెట్టి, సంచుల్లో వేసి, మీద అంకెలు వేసి పంపారు. నేను డయల్ గేజి పెట్టి ఇంజిను షాఫ్టు, గేర్ బాక్సు షాఫ్టు కేంద్రాలు ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూశాను. బాస్ నవ్వాడు. (ఇక్కడ షెడ్డు యజమానిని పేరు పెట్టి పిలవాలి. అరవై ఏళ్లవాణ్ని పేరు పెట్టి పిలవడం నాకు చేతకాక "బాస్" దగ్గర ఆగాను.) నవ్వనీ. అక్కడ వెంట్రుకవాసి తేడా ఉన్నా అది క్లచ్చునూ బేరింగునూ కలిపి తినేస్తుంది. ఆ తేడా ఎంత ఖరీదో నేను ఆటోనగర్‌లో నేర్చుకున్నాను.

ఆ గేజి నాదే. ఇక్కడ మెకానిక్కు తన పానాలు తానే కొనుక్కోవాలి. మొదటి మూడు నెలల జీతంలో ఇంటికి పంపగా మిగిలింది పనిముట్ల పెట్టెలోకే వెళ్లింది.

అసలు కష్టం కింద ఉంది. కొత్త ఇంజిను ఇనుప బ్లాకు బరువుకు ముందువైపు పట్టీలు కూర్చుంటాయి. పట్టీలు కూర్చుంటే ఇరుసు లేచి ఇంజిను అడుగున నూనె నిలిచే గిన్నెను, ఆయిల్ సంపును, కొడుతుంది. సంపు కింద మైనం ముద్దలు అంటించి, ఇరుసును జాకీతో పైదాకా లేపి, మైనం ఎక్కడ నలిగిందో చూసి సంపును కోసి వెల్డింగు చేశాం. రెండుసార్లు విప్పాం. డీజిలు అంత వేగంగా తిరగదు కాబట్టి గేర్ల లెక్క కూడా మారాలి. సియెర్రా ఫోర్ వీల్ పెట్టె మామూలు రోడ్డు మీద కూడా 1.409 వంతున వేగాన్ని తగ్గిస్తుంది. పెద్ద టైర్లు వేస్తే ఆ బాధ కొంత తీరింది.

వ్యాక్యూం పంపు దగ్గర కుర్రాడు ఆగాడు. అది ఇంజినును మోసే మౌంటుకు అడ్డం వస్తోంది. తీసేసి కరెంటుతో నడిచేది పెడదామన్నాడు. నేను పానా కింద పెట్టేశాను.

కొండపల్లి కోట ఘాట్ రోడ్డు గుర్తొచ్చింది. మా మొదటి డీజిలు జిప్సీని పరీక్షకు తీసుకెళ్లాం. మేస్త్రి పక్క సీట్లో ఉన్నాడు. దిగేటప్పుడు బ్రేకు తొక్కితే పెడలు రాయిలా బిగుసుకుపోయింది. పెట్రోలు ఇంజినులో గాలి దారి మూసుకున్నప్పుడు పిస్టన్లు లాగే లాగుడే, కాలి తొక్కుడుకు సాయం చేసే బ్రేకు బూస్టరుకు బలం. డీజిలుకు ఆ మూత ఉండదు, గాలి ధారాళంగా పోతుంది, లాగుడు ఉండదు. దానికి వేరే పంపు కావాలి. మేము పెట్టలేదు. రెండో గేరులోకి దింపి, చేతి బ్రేకు లాగి, గట్టుకు ఒరిపించి ఆపాను. మేస్త్రి దిగి, బీడీ వెలిగించి, చాలాసేపు ఏమీ అనలేదు.

ఈ ఇంజినులో అంతకన్నా పెద్ద చిక్కు ఉంది. ఆ పంపు షాఫ్టే కింద ఆయిల్ పంపును తిప్పుతుంది. పంపు పీకేస్తే బ్రేకు సంగతి తరువాత, ముందు ఇంజినుకు ఆయిలే అందదు. ఇది నాకు మేస్త్రి చెప్పలేదు. ఈ షెడ్డులోనే, మాన్యువల్ తెరిచి బాస్ చూపించాడు. కుర్రాడికి నేను చూపించాను. మౌంటును కోసి మార్చాం, పంపును కదిలించలేదు.

ఇంజినీరు వచ్చి సగం రోజు బండి కింద పడుకున్నాడు. సంపు వెల్డింగును గోటితో గీకాడు, బ్రేకు పదేపదే తొక్కించాడు, ఇరుసుకూ సంపుకూ మధ్య వేలు పెట్టి చూశాడు. మేస్త్రి ఉంటే ఈయనతో మాటలు కలిసేవి అనుకున్నాను. కాగితాల మీద షెడ్డు పేరు, ఇంజినీరు సంతకం ఉన్నాయి. నా పేరు రాయడానికి గడి లేదు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో మేస్త్రికి ఇంజిను చప్పుడు వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"వ్యాక్యూం సంగతి చూశావా?"

"చూశాను మేస్త్రీ." ఫోను పంపు మీదికి తిప్పాను.

"బాగుందిరా. ఎంత తీసుకున్నారు?"

గంటకు షెడ్డు రేటు ఎంతో, ఎన్ని గంటలయ్యాయో చెప్పాను. పెదాలు కదుపుతూ రూపాయల్లోకి మార్చుకున్నాడు. రెండోసారి కూడా లెక్క వేసుకున్నాడు.

"అందులో నీకెంత?"

ఫోను మళ్లీ పంపు మీదికి తిప్పాను.