చెట్లు సహా

మన పదో తరగతి వాళ్ల సంచిక కమిటీ తరఫున రేడియోగాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. "రెండు పేజీలు రాయరా, నువ్వు రాయకపోతే ఆ చోట పుల్లట్టుగాడి కవిత వేసుకోవాలి" అని బెదిరించాడు. దానికి లొంగిపోయాను. ఇంకో కారణం కూడా ఉంది. కిందటి నెల బెల్లంగాడి కూతురు మా ఆఫీసుకొచ్చి, "అంకుల్, నేను లా చదవచ్చంటారా? నా ఇంగ్లీషు అంతంతమాత్రం" అని అడిగింది. వాళ్ల నాన్న ఇంగ్లీషు సంగతి మనకు తెలుసు కదా, ఇన్‌స్పెక్షన్ రోజున విన్నాం. ఆ పిల్లకి అప్పుడు ఏదో పొడిపొడిగా చెప్పి పంపేశాను. చెప్పవలసింది ఇది.

ఆరు నుంచి తొమ్మిది దాకా మన బళ్లో ఏం చదివామో నాకు గుర్తులేదు. రేవులో పడ్డ సైకిలు, లెక్కల మాస్టారి గొడుగు, అంతే. గుర్తున్నదంతా పదో తరగతి. అందులోనూ 1996 నవంబరు 6 తుఫాను వెళ్లాక ఓ పది రోజులు.

పాఠాలు లేవు. పెంకులు లేవు. ఊళ్లో ట్రంకు పెట్టెలన్నీ తడిసి, దస్తావేజులు ముద్దయిపోయాయి. తెలుగు మాస్టారు అందరివీ వరండాలోకి తెప్పించి, బెంచీల మీద పరిచి, ఎగిరిపోకుండా రాలిన కొబ్బరికాయలు బరువు పెట్టారు. సిరా పూర్తిగా కరిగిపోయేలోగా నకళ్లు రాయమని మనల్ని కూర్చోబెట్టారు. రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరుకుతుంది కదండీ అన్నాడు రేడియో. "ఏ సంవత్సరం, ఏ నంబరు అని అడుగుతారు. అది చదివి చెప్పేవాడెవడ్రా?" అన్నారు.

నాకు పడ్డది ఒక తోట క్రయ దస్తావేజు. రెండు పేజీలు, ఎక్కడా చుక్క లేదు. సదరు, యావత్తు, దఖలు, దాన వినిమయ విక్రయాదులు... ఊపిరాడలేదు. మాస్టారు వెనక నిలబడి "ఇందులో క్రియ ఏదిరా?" అని అడిగారు. నేను వెతుకుతుంటే పుల్లట్టు ఎగిరి, "వ్రాయించి యిచ్చిన" అన్నాడు. "అది క్రియాజన్య విశేషణం, కూర్చో" అన్నారు. నిజమే. ఆఖర్న ఉన్నది "యిచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు". అంటే అది అసలు వాక్యమే కాదు, దస్తావేజు అనే ఒక్క మాటకి రెండు పేజీల విశేషణం! ఇంతకన్నా గొప్ప వ్యాకరణ పాఠం నేను ఇంతవరకు వినలేదు.

సాయంత్రం నా నకలు దిద్దుతూ ఒక చోట ఆగారు. తూర్పు పంట కాలువ, దక్షిణం బోదె, పడమర డొంక, ఉత్తరం వేరేవాళ్ల తోట. హద్దులన్నీ సరిగ్గానే ఉన్నాయి. "ఈ నాలుగు హద్దుల మధ్య గల భూమి, కొబ్బరిచెట్లు సహా" అన్న చోట "కొబ్బరిచెట్లు సహా" నేను వదిలేశాను.

"ఏవిరా ఇది?"

"చెట్లన్నీ పడిపోయాయి కదండీ."

"నేల మీద పడ్డాయి. కాయితంలో పడలేదురా."

మొత్తం మళ్లీ రాయించారు, లాంతరు పెట్టుకుని. మీరంతా వెళ్లిపోయారు. బెల్లంగాడు నాకోసం గట్టు మీద కూర్చున్నాడు, ఆ ఋణం ఇంకా ఉంది.

2002లో బీకాం అయ్యాక బీఈడీ అప్లికేషను ఒక చేతిలో, లాసెట్ అప్లికేషను ఒక చేతిలో పట్టుకుని మాస్టారింటికి వెళ్లాను. తెలుగు మీడియం వాడిని, ఇంగ్లీషు భయమండీ అన్నాను. అరుగు మీద నుంచి లేవకుండానే, "ఇంగ్లీషు వస్తుందిలే. నువ్వు లేనిది చదువుతావు, ఉన్నది వదిలేస్తావు, దాని సంగతి చూసుకో" అన్నారు. ఇది వెళ్లమనడమో వద్దనడమో తెలియక లా చదవడానికి రాజమండ్రి వెళ్లిపోయాను.

మొదటి ఏడాది ఒక పేపరు పోయింది. ఇంట్లో చెప్పలేదు, ఇప్పుడు మీకే చెబుతున్నా. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో "కన్సిడరేషన్" అంటే నిఘంటువులో ఆలోచన, మన్నన, ఇంకా ఏవేవో ఉన్నాయి. వారం తర్వాత వెలిగింది, ఇది మన దస్తావేజులో "ప్రతిఫలం ముట్టినది" అన్న ప్రతిఫలమే అని! అక్కణ్ణుంచి రెండు నోటుబుక్కులు పెట్టాను. ఎడమ పక్క సెక్షను, కుడి పక్క నా తెలుగు. "షల్" వస్తే విధ్యర్థకం, "మే" వస్తే అనుమత్యర్థకం, "షల్ నాట్" నిషేధార్థకం. పదో తరగతిలో మార్కుల కోసం బట్టీపట్టినవే. ఇక 1882 ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షనులో, భూమిని అంటిపెట్టుకుని ఉన్నవి అంటే ఏమిటో చెబుతూ మొట్టమొదట వేళ్లూనుకున్న చెట్లనే చూపిస్తుంది. హాస్టల్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

తెలుగు తోడుంటే ఇంగ్లీషు అక్కర్లేదని కాదమ్మా బెల్లం కూతురా. రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో వ్యవహారం ఇంగ్లీషులోనే. తీర్పులు చదవాలి, రోజుకొకటైనా, నిదానంగా. కానీ నీ దగ్గరికొచ్చే మనిషి ఇంగ్లీషులో ఏడవడు. "మావాడే" అన్నాడంటే కొడుకో, తమ్ముడో, పార్టీ మనిషో అడిగి తేల్చుకోవాలి.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక గట్టు తగాదాలో మా క్లయింటు ముసలాయన బోనెక్కాడు. అవతలి వకీలు ఏమడిగినా "ఆయ్" అంటాడు. జడ్జిగారు మన ప్రాంతంవారు కాదు. టైపు మీద "నిజమే, నిజమే" అని పడిపోతోంది. నేను లేచి, "అయ్యా, మా కోనసీమలో ఆయ్ అంటే ఒప్పుకున్నానని కాదు, తమరి మాట వింటున్నానని" అన్నాను. హాలంతా నవ్వింది. జడ్జిగారు ఒక్క క్షణం చూసి, ప్రశ్నలన్నీ మళ్లీ అడిగించారు. ముసలాయన ఈసారి "కాదండి" అన్నాడు, పదకొండుసార్లు. లెక్కపెట్టాను.

ఇప్పుడు అమలాపురంలో మాకు సొంత ఆఫీసు, ఇద్దరు జూనియర్లు. మూడు హైకోర్టు తీర్పుల్లో నా పేరు అచ్చయింది, ఒకదాంట్లో ఇంటిపేరు తప్పు. బల్ల అద్దం కింద ఆ రాత్రి రాసిన నకలు ఉంది. ఆ తోటవాళ్ల అబ్బాయి తోట అమ్మేశాక నాకిచ్చేశాడు. బెల్లంగాడి కూతుర్ని ఆదివారం రమ్మన్నాను, వాళ్ల తాతగారి దస్తావేజు పట్టుకుని.

రేడియో, రెండు పేజీలు దాటినట్టుంది. ఎక్కడ కావాలంటే అక్కడ కత్తిరించుకో. చెట్లు మాత్రం తియ్యకు.