గోల్కొండ మీద విప్పిన పటం

డిగ్రీకి వచ్చేదాకా పటమంటే నాకు రంగులేసే పనే. నదులకు నీలం దిద్ది, పేర్లు రాసి, మార్కులు తెచ్చుకున్నదాన్ని.

సెకండియర్ ప్రాక్టికల్స్‌లో సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, అంటే కొండలూ వాగులూ రోడ్లూ వివరంగా చూపే పటం, నంబరు 56 కె/7, బల్ల మీద పరిచారు. మన హైదరాబాదే, అయినా ఏది ఎక్కడుందో అంతుపట్టలేదు. ఓ ఆదివారం మా భూగోళం సార్ మమ్మల్ని గోల్కొండ తీసుకెళ్లి, కోట శిఖరాన ఉన్న బాలాహిసార్ పైన దాన్ని విప్పించారు. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా టిఫిన్ డబ్బాలు పెట్టాం.

"చదవడం తర్వాతమ్మా, ముందు పటాన్ని తిప్పండి" అన్నారు సార్. దిక్సూచి చూసి పై అంచును ఉత్తరానికి తిప్పాం. కుతుబ్‌షాహీ సమాధులు పటంలో ఏ వైపున్నాయో, ఎదురుగా గుమ్మటాలు అటే కనిపించాయి. కోట నుంచి చార్మినార్‌కు స్కేలు పెడితే సుమారు 16 సెంటీమీటర్లు. 1:50,000 పటంలో 2 సెంటీమీటర్లంటే కిలోమీటరు, కాబట్టి 8 కిలోమీటర్లు. అది తిన్నగా కొలిచిన దూరం. వంకర రోడ్డయితే దారం పరిచి కొలవాలి. దారాన్ని కాస్త తడిపితే మలుపుల దగ్గర జారదు.

నాకు కొరుకుడు పడనివి కాంటూర్లు, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు. గీతకూ గీతకూ ఎత్తులో 20 మీటర్ల తేడా అని వల్లె వేశానే గానీ, కొండ కనపడేది కాదు. "ఇందాక ఆయాసపడుతూ ఎక్కావు కదమ్మా, ఆ చోటు చూపించు" అన్నారు. గోధుమరంగు గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న చోట వేలు పెట్టాను. ఆ క్షణాన కాగితం మీద కొండ లేచి నిలబడింది! గీతలు 'వి'లా వంగి, మొన ఎత్తువైపు ఉంటే అది వాగు లోయ అని కూడా అక్కడే నేర్చుకున్నాను.

ఇప్పుడు నేను సోషల్ టీచర్‌ని. ఫోన్‌లో మ్యాప్ మనతోపాటే తిరుగుతుంది, అందుకే పిల్లలకు దిక్కులు తెలియడం లేదని నా బాధ. సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటు నుంచి మా ఊరి షీటు ఉచితంగా దించుకుని, బడి డాబా మీద పరుస్తాను. పోయినేడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె 'వి' మొనలు పట్టుకుని పైపైకి వేలు జరుపుతూ, మా చెరువులోకి వచ్చే వాగు ఎక్కడ మొదలవుతుందో చూపించింది. ఆ ఆదివారం అందరం అక్కడిదాకా నడిచి వెళ్లాం.