వానకి నెట్ నెమ్మదిస్తే ముందు తీగ చూడండి

ల్యాండ్‌లైన్ మీద నెట్ వాడేవాళ్లు అక్టోబరు, నవంబరు వానల్లో స్పీడ్ పడిపోగానే ప్లాన్ మార్చేయకండి. కావలి, కొత్తపట్నం వైపు సముద్రపు గాలికి రాగి కొసలు తొందరగా పచ్చబారతాయి. ఫోనెత్తి ఒక అంకె నొక్కి, టోన్ ఆగాక వినండి. గరగరమంటే ఎక్కడో జాయింట్‌లోకి తేమ దిగి ఉంటుంది.

మేడ మీదికి లాగిన తీగ విప్పేసి, లైను ఇంట్లోకొచ్చే మొదటి డబ్బాకే మోడెమ్ తగిలించండి. మిగతా ఫోన్లన్నీ పీకేసి, వైఫై కాకుండా లాన్ కేబుల్‌తో స్పీడ్ చూడండి. బాగుంటే తప్పు ఇంటి వైరింగ్‌దో, మిగతా ఫోన్లదో, వైఫైదో. స్ప్లిటర్ (ఫోన్ మాటనీ, నెట్ సిగ్నల్‌నీ విడదీసే చిన్న డబ్బా) లేకుండా తగిలించిన రెండో ఫోనే చాలా ఇళ్లలో అసలు కారణం. మెలితిప్పని చదును తీగైతే మోటారు, ట్యూబ్‌లైట్ రొదంతా లాక్కుంటుంది.

బ్రౌజర్‌లో తెరిచే మోడెమ్ సెట్టింగుల పేజీలో ఎస్ఎన్ఆర్ మార్జిన్ (రొదను తట్టుకోడానికి సిగ్నల్‌కి ఎంత మిగులుందో చెప్పే అంకె) 6 డెసిబెల్స్ లోపుంటే లైను తరచూ తెగొచ్చు. అటెన్యుయేషన్ (దారిలో సిగ్నల్ ఎంత తగ్గిందో చెప్పే అంకె) 60 డెసిబెల్స్ దాటితే ఎక్స్ఛేంజి దూరమని అర్థం, ఇంట్లో ఏం మార్చినా పెద్దగా పెరగదు.

పచ్చబారిన కొస కత్తిరించి, ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా ఒలిచి, జెల్ కనెక్టర్‌లో (తేమ చొరకుండా లోపల జెల్ నింపిన చిన్న క్లిప్పు) నొక్కండి. ఉత్త టేపు చుడితే లోపలి తేమ అక్కడే ఉండిపోతుంది. చేతులు తడిగా ఉంటే ముట్టుకోవద్దు, రింగ్ వచ్చినప్పుడు షాక్ కొడుతుంది.