బీచ్ రోడ్డు మీద 312

శనివారం, విశాఖపట్నం

మధ్యాహ్నం మూడు. ఆర్కే బీచ్‌లో ఎండ మాడ్చేస్తోంది. అయినా కురుసుర సబ్‌మెరైన్‌కు ఎదురుగా ఉన్న, ఒకప్పుడు నౌకాదళం సబ్‌మెరైన్లను వెతకడానికి వాడిన టీయూ-142 విమానం చుట్టూ జనం బాగానే ఉన్నారు. అందరి ఫోన్లూ ప్రొపెల్లర్ల వైపే. చూడాల్సినవే మరి. ఒక్కో ఇంజనుకు ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు, నాలుగేసి రెక్కలు, తిరిగేది ఎదురు దిశల్లో. ఇంజను బలం దాదాపు 15,000 హార్స్‌పవర్. ఒక్క ప్రొపెల్లరే అంత బలం తీసుకోవాలంటే అది ఇంకా పెద్దదవ్వాలి, అప్పుడు రెక్కల కొసలు ధ్వని వేగం దాటి బలం చప్పుడు కింద వృథా అవుతుంది. అందుకే 5.6 మీటర్ల వ్యాసంతో రెండు బిగించారు. ముందుది సుడి తిప్పి వదిలిన గాలిని వెనకది సరిచేసి తోపుగా మారుస్తుంది. నిమిషానికి 750 చుట్లే, అయినా పైన వేగంగా ఎగిరేటప్పుడు కొసలు ధ్వని వేగాన్ని అందుకుంటాయి. దాని మోత పేరుమోసింది ఊరికే కాదు.

దాన్ని నడిపిన నౌకాదళ విమానాల దళం 312 స్క్వాడ్రన్ అంటే ఈ విమానమేనని చాలామంది అనుకుంటారు. అది 1976 నవంబరులో సూపర్ కాన్‌స్టెలేషన్లతో మొదలైంది. ఎయిరిండియాలో ప్రయాణికులను మోసి, వాయుసేనలో పనిచేసి, చివరికి నౌకాదళానికి చేరిన విమానాలవి. 1983లో అవి పక్కకు వెళ్ళాయి. 1988లో గోవా దబోలింకు టీయూలు వచ్చాయి, మొత్తం 8. 1992లో అరక్కోణంలోని నౌకాదళ విమాన స్థావరం రాజాలికి మకాం మార్చాయి, 2017 మార్చి 29న సెలవు తీసుకున్నాయి. ఇప్పుడు ఆ నంబరు కింద పీ-8ఐ విమానాలు ఎగురుతున్నాయి.

వెనక తోకలోని 23 మి.మీ. ఫిరంగులకూ ఫొటోలు తీసుకుంటారు గానీ స్క్వాడ్రన్ అసలు పని నీళ్ళలో సబ్‌మెరైన్ల చప్పుడు వినడం. సోనోబోయ్‌లను వరసగా నీళ్ళలోకి జారవిడుస్తారు. ఒక్కోటీ పైన తేలుతూ, కింద తీగ చివర మైకును వేలాడదీసి, విన్నది రేడియోలో విమానానికి పంపుతుంది. మైకు ఎంత లోతుకు దిగాలో విడిచేముందే ఎంచుకోవాలి. తప్పంతా ఇక్కడే జరుగుతుంది. బంగాళాఖాతంలో గోదావరి, గంగ లాంటి నదుల తీపినీరు ఉప్పునీటి మీద పొరలా పరుచుకుంటుంది. పొరల సరిహద్దులో ధ్వని వంగిపోతుంది, పై పొరలో మైకు ఉంటే కింద పొరలో సబ్‌మెరైన్ వెళ్ళినా వినబడకపోవచ్చు. అందుకే ముందు లోతులవారీగా ఉష్ణోగ్రత కొలిచే బోయ్‌ని వదులుతారు. పొద్దున కొలిచిన లెక్క మధ్యాహ్నానికి పనికిరాకపోవచ్చు: ఇలాంటి ఎండకు పైనీరు వేడెక్కి ధ్వనిని కిందికి వంచేస్తుంది.

తిరిగొచ్చిన విమానం మీద ఉప్పు ఉంటుంది. నీటికి దగ్గరగా ఎగిరితే ఇంజను కంప్రెసర్ రెక్కల మీదా పేరుకుని వేడి పెరుగుతుంది, బలం తగ్గుతుంది. మంచినీళ్ళతో కడగకపోతే అల్యూమినియం రేకు రివెట్ల చుట్టూ బుడగలా లేస్తుంది. అరక్కోణం సముద్రానికి దూరం. ఇక్కడ మాత్రం గాలి ఎటు తిరిగినా ఉప్పే. రాత్రికి వాన పడితే కొంతైనా కడుక్కుపోతుంది.